బండి బాగోగులు: బ్యాటరీకి కూడా ఎండదెబ్బ తగుల్తుంది

శివరాత్రి పోయింది, ఎండ ముదిరింది. మన బళ్లారిలో ఇంక వానలు పడేదాకా నలభై డిగ్రీలు మామూలే. ఈ నెల బ్యాటరీ ఆటోల గురించి రాస్తున్నా. మన కాలనీల్లో మిల్లు పని పోయినోళ్లు, జీన్స్ కుట్టు మానుకున్నోళ్లు, వాళ్ల పిల్లోళ్లు చానామంది ఇప్పుడు ఈ బండ్ల మీదే బతుకుతున్నారు. మోతీ సర్కిల్ కాడ, కౌల్ బజార్లో, దుర్గమ్మ గుడి ముందర కాసేపు నిలబడి చూడండి, మనోళ్లు ఎంతమంది ఉన్నారో తెలుస్తుంది.

కనపడినోళ్లంతా నాతో చెప్పేది ఒకటే మాట. "సెట్టు ఏడాదికే పోయింది మామా" అని. బ్యాటరీ అమ్మినాయన్ని అడిగితే చార్జరు సరిగా లేదంటాడు. చార్జరు ఇచ్చినాయన్ని అడిగితే మీ ఇంటి కరెంటు సరిగా లేదంటాడు. కరెంటు మనిషిని అడిగితే బ్యాటరీనే మంచిది కాదంటాడు. మధ్యలో మునిగేది మనం. నాలుగు బ్యాటరీల సెట్టు మార్చాలంటే పాతది ఇచ్చినా ముప్ఫై, నలభై వేలు పెట్టాల. బండి అప్పు కంతు నెల నెలా కట్టాల్సిందే. ఆ కంతులు తీరకముందే సెట్టు పోతే పిల్లోళ్ల ఫీజు డబ్బులు బ్యాటరీ అంగడికి పోతాయి. మళ్లా వడ్డీకి తేవాల.

నేను చెప్పేది చిన్న మాట. బ్యాటరీకి పగలు రోడ్డు మీద జరిగే నష్టం కంటే, రేత్రి మనం పండుకున్నప్పుడు చార్జరు కింద జరిగే నష్టం ఎక్కువ. చార్జరు ఎన్ని వోల్టుల మీద నిలబడుతోందో మన కంటితో మనం చూసుకోవాల. ఎండాకాలంలో దాన్ని కొంచెం తగ్గించుకోవాల. చలికాలంలో మళ్లా పెంచుకోవాల. ఇంతే. ఇది ఎట్లా చేయాలో, ఎందుకు చేయాలో నాకు తెలిసినంత రాస్తా.

బ్యాటరీ లోపల ఏముంది

ఇది కొత్త వస్తువేం కాదు. 1859లో ఫ్రాన్సు దేశంలో గాస్టన్ ప్లాంటే అనే ఆయన సీసం రేకులు, యాసిడ్డు పెట్టి మొదటిసారి చేసినాడు. ఇప్పటికీ అదే పద్ధతి. 1985లో పెట్టిన అమర రాజా కంపెనీ మన రాయలసీమలోనే, తిరుపతి కాడ కరకంబాడిలో, ఇట్లాంటి సీసం బ్యాటరీలు చేసే పెద్ద ఫ్యాక్టరీ నడిపింది.

ఒక్కో బ్యాటరీలో ఆరు గదులు ఉంటాయి. వాటిని సెల్లు అంటారు. ఒక్కో సెల్లు రెండు వోల్టులు. ఆరు సెల్లులు కలిస్తే 12 వోల్టులు. అట్లాంటివి నాలుగు వరసగా కలిపితే మన ఆటోకు 48 వోల్టులు. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

బండి నడిచేటప్పుడు యాసిడ్డులో ఉన్న గంధకం సీసం పలకలకు అంటుకుంటుంది. చార్జింగు పెట్టినప్పుడు పలకలను వదిలి మళ్లా యాసిడ్డులోకి వస్తుంది. పూర్తిగా రాకుండా వారాల తరబడి అట్లే వదిలేస్తే అది పలకల మీద తెల్లగా గట్టిపడిపోతుంది. అప్పుడు ఆ బ్యాటరీ చార్జింగు పట్టదు. తక్కువ చార్జింగుతో జరిగే నష్టం ఇది.

ఎక్కువ చార్జింగుతో ఇంకో నష్టం. పలకలు నిండినాక కూడా చార్జరు తోస్తానే ఉంటే, ఆ కరెంటు పోయే తావు లేక నీళ్లను విడగొడుతుంది. నీళ్లు గాలిగా మారి బుడగలు బుడగలుగా బయటికి పోతాయి. మనోళ్లు "బ్యాటరీ ఉడుకుతోంది" అంటారే, అది ఇదే. నీళ్లు తగ్గిపోయి పలకలు బయటపడితే ఆ భాగం ఎండి చస్తుంది. పలకల మీది మందు కూడా రాలి అడుగున పడుతుంది.

మంచి చార్జరు మూడు దశల్లో పని చేస్తుంది. మొదట నిండు కరెంటు పోతుంది, వోల్టేజీ మెల్లగా ఎక్కుతుంది. పై హద్దు చేరినాక వోల్టేజీ ఆడనే నిలబడి, కరెంటు తగ్గుతా వస్తుంది. బ్యాటరీ నిండినాక వోల్టేజీని తగ్గించి ఊరికే కాపలా కాస్తుంది. ఆ పై హద్దు ఎంత అనేదే మనం చూడాల్సింది. నీళ్లు పోసే మామూలు బ్యాటరీకి 14.4 వోల్టులు. నాలుగింటికి కలిపితే 57.6 వోల్టులు. కాపలా దశలో నాలుగింటికి కలిపి 54, 55 మధ్యలో ఉండాల.

ఎండకు ఏమవుతుంది

ఆ 57.6 అనేది బ్యాటరీ వేడి 25 డిగ్రీలు ఉన్నప్పటి లెక్క. మన ఊర్లో మార్చి నుంచి మే దాకా బ్యాటరీ 25 డిగ్రీలకు ఎప్పుడు వస్తుంది? తెల్లవారుజామున కూడా రాదు. పగలంతా సీటు కింద మూసిన పెట్టెలో ఉండి, మాపటేల ఇంటికి వచ్చేటప్పటికి బయటి గాలి కంటే బ్యాటరీనే ఎక్కువ కాలుతుంటుంది.

బ్యాటరీ వేడెక్కే కొద్దీ లోపల పని తొందరగా జరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు 57.6 దగ్గర అవసరమైనంత కరెంటు తాగే బ్యాటరీ, వేడిగా ఉన్నప్పుడు అదే 57.6 దగ్గర అవసరం కంటే ఎక్కువ తాగుతుంది. ఎక్కువ తాగేసరికి ఇంకా వేడెక్కుతుంది. వేడెక్కేసరికి ఇంకా తాగుతుంది. తెల్లారేసరికి నీళ్లు సగం పోయి ఉంటాయి. పైగా ఎప్పుడూ పది డిగ్రీలు ఎక్కువ వేడిలో ఉండే బ్యాటరీ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది.

మిల్లులో చేసినోళ్లకు ఇది అర్థం కాని సంగతి కాదు. స్పిన్నింగు డిపార్ట్‌మెంటులో గోడకు రెండు థర్మామీటర్లు ఉండేవి. ఒకటి తడి గుడ్డది, ఒకటి పొడిది. వేళ ప్రకారం చూసి పలక మీద రాసేవాళ్లు. గాలిలో తేమ తగ్గితే దారం పటపటా తెగేది. అప్పుడు మిషను మార్చేవాళ్లు కాదు, తేమ పెంచేవాళ్లు. బ్యాటరీ కూడా ఆ మాదిరే. కాలాన్ని బట్టి అమరిక మార్చుకోవాల.

ఎంత మార్చాల? ఒక్కో సెల్లుకు, ఒక్కో డిగ్రీకి మూడు నుంచి ఐదు మిల్లీ వోల్టులు తగ్గించమని బ్యాటరీ కంపెనీలు చెప్తాయి. మధ్యలో నాలుగు తీసుకుందాం. మన సెట్టులో ఇరవై నాలుగు సెల్లులు. ఇరవై నాలుగు నాలుగులు తొంభై ఆరు. అంటే డిగ్రీకి సుమారు వోల్టులో పదో వంతు. పది డిగ్రీలకు ఒక వోల్టు. నోటి లెక్కకు ఇంత కంటే సులువు ఏముంది?

48 వోల్టుల సెట్టుకు, నీళ్లు పోసే బ్యాటరీకి, పై హద్దు ఇట్లా వస్తుంది. కత్తిరించి చార్జరు పక్కన అంటించుకోండి.

బ్యాటరీ వేడి 15 డిగ్రీలు అయితే: 58.6 వోల్టులు
25 డిగ్రీలు అయితే: 57.6 వోల్టులు
35 డిగ్రీలు అయితే: 56.6 వోల్టులు
40 డిగ్రీలు అయితే: 56.1 వోల్టులు
45 డిగ్రీలు అయితే: 55.6 వోల్టులు
50 డిగ్రీలు దాటితే: చార్జింగు ఆపి చల్లారనివ్వాల

మీ బ్యాటరీ కాగితంలో వేరే లెక్క ఉంటే ఆ కాగితమే ప్రమాణం, నా మాట కాదు. ఆ కాగితం ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటుంది. ఉండనీ. అంకెలు అన్ని భాషల్లో అవే కదా. మీ ఇంట్లో చదువుకునే పాపకు చూపించండి, చదివి చెప్తుంది.

రోజూ మార్చే పని లేదు. ఏడాదికి రెండు సార్లు చాలు. ఉగాదికి తగ్గించండి, దీపావళికి పెంచండి. ఉగాదికి 56.5 దగ్గర పెట్టుకుంటే వేసవి గడిచిపోతుంది. దీపావళికి మళ్లా 57.6కు తెచ్చుకోండి. దీపావళి మాట మరిచిపోవద్దు. ఎండాకాలం అమరికతోనే చలికాలం కూడా నడిపితే బ్యాటరీ నిండదు, ముందు చెప్పిన తెల్లది గట్టిపడుతుంది. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలోకి పోయినాయి, మనం మైసూరులో ఉండిపోయినాము. కానీ ఎండ గీతకు రెండు పక్కలా ఒకటే కాబట్టి ఆ పక్క బంధువులకు కూడా ఈ లెక్కే చెప్పండి.

చార్జరు అమరిక ఎట్లా మార్చాల

చార్జర్లలో మూడు రకాలు చూస్తున్నాం.

మొదటిది పాతకాలం ట్రాన్స్‌ఫార్మర్ చార్జరు. చాలా బరువుంటుంది, ముందర మూడు నాలుగు మెట్లు తిప్పే స్విచ్చి ఉంటుంది. దీనికి సొంత తెలివి లేదు. ఇంటికి వచ్చే కరెంటు ఎక్కితే ఇది కూడా ఎక్కుతుంది, తగ్గితే తగ్గుతుంది. మాపటేల అందరి ఇండ్లలో ఫ్యాన్లు, టీవీలు, మోటార్లు నడుస్తుంటాయి కాబట్టి వోల్టేజీ దిగి ఉంటుంది. అప్పుడు చూసి మనం స్విచ్చి ఒక మెట్టు పైకి తిప్పుతాం. సగం రేత్రికి ఊరంతా పండుకుంటుంది, కరెంటు ఎక్కుతుంది. మనం తిప్పిన మెట్టు అట్లే ఉంటుంది. తెల్లారేదాకా బ్యాటరీ ఉడుకుతుంది. కాబట్టి ఇట్లాంటి చార్జరు ఉన్నోళ్లు కనీసం ఒక్క రేత్రి పదకొండుకు ఒకసారి, తెల్లవారి నాలుగుకు ఒకసారి లేచి మీటరు పెట్టి చూడండి. నాలుగు గంటలప్పుడు 58 దాటి కనపడితే ఒక మెట్టు దించండి. దీనికి కాపలా దశ కూడా ఉండదు, నిండినాక మనమే ఆపాల. టైమరు స్విచ్చి పెట్టుకుంటే నిద్ర చెడదు.

రెండోది ఇప్పటి తేలిక చార్జరు. ఫ్యాను తిరుగుతుంటుంది, ఎర్ర దీపం పోయి పచ్చ దీపం వస్తుంది. వీటిలో కొన్నింటి లోపల చిన్న స్క్రూ ఉంటుంది, మెకానిక్కులు ప్రీసెట్టు అంటారు. ఒకటి వోల్టేజీకి, ఒకటి కరెంటుకు. దాన్ని మీరు ఇంట్లో విప్పవద్దు. ప్లగ్గు పీకినాక కూడా లోపల మూడు వందల వోల్టుల పైన నిలిచి ఉంటుంది, చెయ్యి పెడితే మనిషే పోతాడు. గ్యారంటీ ఉంటే అది కూడా పోతుంది. తెలిసిన చార్జరు మెకానిక్కు దగ్గరికి బండితో సహా పోండి. పక్కన నిలబడి ఈ మూడు చూడండి.

ఒకటి, మీటరు బ్యాటరీ టెర్మినల్ మీదే పెట్టాల. చార్జరు చివర చూస్తే వైరులో పోయే వోల్టులు కూడా కలిసి ఎక్కువ చూపిస్తుంది.

రెండు, బ్యాటరీ దాదాపు నిండి, కరెంటు తగ్గినాక తిప్పాల. చార్జింగు మొదట్లో ఎట్లాగూ 51, 52 చూపిస్తుంది. అప్పుడు తిప్పితే లెక్క తప్పుతుంది.

మూడు, కరెంటు బ్యాటరీ సైజులో పదో వంతు దగ్గర ఉండాల. వంద ఆంపియర్ అవర్ బ్యాటరీకి పది ఆంపియర్లు. తొందర అని ఇరవై పెట్టించుకుంటే వేడి తప్ప ఇంకేం రాదు.

కొందరు మెకానిక్కులు "వోల్టేజీ 60కి పెంచుతా, నాలుగు కిలోమీటర్లు ఎక్కువ వస్తుంది" అంటారు. వస్తుంది, అబద్ధం కాదు. నెలో రెండు నెలలో వస్తుంది. తరువాత నీళ్లు వారానికి రెండు సార్లు పోయాల్సి వస్తుంది, ఇంకొన్ని నెలలకు సెట్టు మార్చాల్సి వస్తుంది. ఆ నాలుగు కిలోమీటర్ల ఖరీదు చానా ఎక్కువ.

మూడోది పూర్తిగా మూసేసిన చార్జరు. స్క్రూ ఉండదు. బ్యాటరీ రకం ఎంచుకునే బటన్ మాత్రం కొన్నింటికి ఉంటుంది. నీళ్లు పోసే బ్యాటరీ, జెల్ బ్యాటరీ, లిథియం బ్యాటరీ అని గుర్తులు ఉంటాయి. మీ బ్యాటరీకి తగినదాని మీదే ఉందా చూసుకోండి. ఇట్లాంటి చార్జరు ఉన్నోళ్లు వోల్టేజీ మార్చలేరు కానీ వేడి తగ్గించగలరు. బండి రాగానే ప్లగ్గు పెట్టవద్దు. సీటు తీసి, పెట్టె మూత తీసి, నీడలో రెండు గంటలు గాలి తగలనివ్వండి. బువ్వ తిని, తొమ్మిదికో పదికో పెట్టినా తెల్లారి ఆరు ఏడుకు నిండుతుంది.

రోజూ చూసుకునే లెక్క

రెండు మూడు వందల రూపాయలు పెడితే డిజిటల్ మీటరు వస్తుంది. ఎర్ర వైరు, నల్ల వైరు ఉంటాయి. తిప్పే గుండీని డీసీ వోల్టులు 200 మీద పెట్టండి. ఎర్ర వైరు వోల్టులు అని రాసిన రంధ్రంలోనే ఉండాల. ఆంపియర్ల రంధ్రంలో పెట్టి బ్యాటరీకి ఆనిస్తే నిప్పు లేస్తుంది, మీటరు కాలిపోతుంది.

పొద్దున ప్లగ్గు తీయగానే చూస్తే మీటరు ఎక్కువ చూపిస్తుంది. దాన్ని నమ్మవద్దు. ప్లగ్గు తీసినాక, బండి కదపకముందు, గంటో రెండు గంటలో ఆగి చూస్తే అది నిజం. రోజూ అంతసేపు ఆగలేరు కాబట్టి ఆదివారం ఒక్కరోజు చేయండి. నాలుగింటికి కలిపి చూస్తే ఇట్లా ఉండాల.

51 దగ్గర: నిండుగా ఉంది
49.6: ముప్పావు ఉంది
48.8: సగం ఉంది
48: పావు ఉంది
47.2: అయిపోయింది

బండి నడిచేటప్పుడు ఇంకా తగ్గి చూపిస్తుంది, అది సహజం. కానీ నడుస్తుండగా 44కు వస్తే ఇంటి దారి పట్టండి. 42 అంటే ఒక్కో బ్యాటరీ పదిన్నరకు దిగినట్టు, అంతకు కిందికి పోనివ్వరాదు. సగానికి ఖర్చు చేసి చార్జింగు పెట్టే బ్యాటరీ, రోజూ అడుగంటా ఊడ్చే బ్యాటరీ కంటే చానా ఎక్కువ కాలం వస్తుంది. ఒక్క చివరి సవారీ కోసం సెట్టును చంపుకోవద్దు.

నాలుగూ కలిపి చూస్తే సరిపోదు, విడివిడిగా చూడాల. మా వీధిలో ఒక పిల్లోడు మొన్న పుస్తకం తెచ్చి చూపించినాడు. మొత్తం 50.5 ఉంది, బాగుందనుకున్నాడు. కానీ బండి మధ్యాహ్నానికే అలసిపోతోంది. విడివిడిగా చూస్తే మొదటిది 12.72, రెండోది 12.70, మూడోది 12.38, నాలుగోది 12.71. మూడోది మూలలో ఉంది, దాని మూతలు విప్పడం కష్టమని నీళ్లు సరిగా పోయలేదు. నీళ్లు పోసి, దాన్ని ఒక్కదాన్నే విప్పి 12 వోల్టుల చార్జరుతో నిదానంగా నింపినారు. ఇప్పుడు 12.6 దాటింది, బండి మళ్లా మాపటేల దాకా నడుస్తోంది.

వరసలో ఒక్కటి నీరసంగా ఉంటే ఏమవుతుందంటే, బండి నడిచేటప్పుడు అది అందరికంటే ముందు అడుగంటుతుంది. చార్జింగులో మిగిలిన మూడూ ముందే నిండి ఉడుకుతాయి, అది మాత్రం నిండదు. అట్లా ఒక్కటి నాలుగింటినీ చంపుతుంది. మధ్యలో 0.3 వోల్టుల తేడా కనపడితే వెంటనే చూసుకోండి. పాత మూడింటి మధ్య కొత్తది ఒకటి పెట్టినా ఇదే గతి. దానికి బదులు అదే వయసుది, బాగున్నది దొరికితే అది నయం.

హైడ్రోమీటరు ఉంటే ఇంకా మంచిది. నిండిన సెల్లు 1250 నుంచి 1280 మధ్య చూపిస్తుంది. ఒక సెల్లు మాత్రం 1150 చూపిస్తే ఆ సెల్లులో లోపం ఉంది. ఒక నోటు పుస్తకంలో తేదీ, నాలుగు అంకెలు, నీళ్లు పోసిన రోజు రాస్తా పోండి. ఇంట్లో ఆడపిల్లలకు ఈ పని ఇస్తే మనకంటే శుభ్రంగా రాస్తారు. గ్యారంటీ కోసం అంగడికి పోయినప్పుడు బిల్లుతో పాటు ఈ పుస్తకం ముందర పెట్టండి. రాసిన లెక్క చూసినాక మాట దాటేయడం వాళ్లకు కూడా కష్టం.

నీళ్లు

డిస్టిల్డ్ వాటరు తప్ప ఇంకేం పోయవద్దు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎంత ఉందో బిందె అడుగున చూస్తే తెలుస్తుంది, అదే పలకల మీద కూడా పేరుకుంటుంది. ఫిల్టరు నీళ్లు కూడా వద్దు. యాసిడ్డు అసలే వద్దు, ఆవిరయ్యేది నీళ్లే, యాసిడ్డు లోపలే ఉంటుంది. చార్జింగు అయినాక పోయాల. ముందే నిండా పోస్తే చార్జింగులో పొంగి యాసిడ్డు బయటికి వస్తుంది. పలకలు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత ముందు పోసి, మిగిలింది తరువాత పోయాల. ఎండాకాలంలో వారానికి ఒకసారి చూడండి. వోల్టేజీ సరిగా తగ్గించుకున్నారా లేదా అన్నది నీళ్ల ఖర్చే చెప్తుంది.

రేత్రి ఎక్కడ పెడుతున్నారు

ఇది బ్యాటరీ కంటే పెద్ద సంగతి. మన ఇండ్లు ఒంటి గది ఇండ్లు. దొంగల భయానికి బ్యాటరీలు ఇంట్లోకి తెచ్చి, పిల్లోళ్లు పండుకునే చాప పక్కనే చార్జింగు పెట్టేవాళ్లను చూసినా. దయచేసి వద్దు. ఉడికే బ్యాటరీ నుంచి వచ్చేది హైడ్రోజన్ గాలి. గదిలో వందకు నాలుగు పాళ్లు చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. బీడీ, ఊదుకడ్డీ, దీపం, స్టవ్వు ఏదైనా చాలు. వరండాలో, రేకుల కింద, గాలి ఆడే తావులో పెట్టి బండికి గొలుసు వేసుకోండి.

వైరు మందంగా ఉండాల, పదహారు ఆంపియర్ల సాకెట్టు ఉండాల, ఎర్తు ఉండాల. సెల్‌ఫోన్ చార్జింగు బోర్డుకు ఆటో తగిలిస్తే బోర్డు కరుగుతుంది. గంట అయినాక ప్లగ్గు ముట్టి చూడండి, కాలితే మార్చాల. చార్జరు మీద గుడ్డలు ఆరేయవద్దు. యాసిడ్డు కంట్లో పడితే కనీసం పావు గంట మంచినీళ్లతో కడుగుతానే ఉండి ఆసుపత్రికి తీసుకుపోండి.

లిథియం బండ్లు, పెట్రోలు బండ్లు

లిథియం బ్యాటరీ ఉన్నోళ్లకు పై లెక్కలు ఒక్కటి కూడా పనికిరావు. దాని లోపల బీఎంఎస్ అనే బోర్డు ఉంటుంది, హద్దులు అదే చూసుకుంటుంది. దానితో వచ్చిన చార్జరు తప్ప, పక్కింటి సీసం బ్యాటరీ చార్జరు ఎప్పుడూ పెట్టవద్దు. స్క్రూ తిప్పించవద్దు. ఉబ్బినా, వాసన వచ్చినా వాడటం ఆపి కంపెనీ సర్వీసుకు చెప్పండి.

పెట్రోలు ఆటో, మోటారు సైకిలు ఉన్నోళ్లకు రెండు అంకెలు చాలు. ఇంజను ఆపి ఉన్నప్పుడు 12.6 దగ్గర ఉండాల. ఇంజను నడుపుతా కొంచెం రేజు చేస్తే 13.8 నుంచి 14.5 మధ్య ఉండాల. 13 దాటకపోతే చార్జింగు రావడం లేదు. 15 దాటితే రెగ్యులేటరు పోయింది, బ్యాటరీని ఉడకబెడుతోంది. బల్బులు మాటిమాటికీ మాడిపోతుంటే అనుమానించాల్సింది దాన్నే.

పాత బ్యాటరీ ఎవరికి ఇయ్యాల

చచ్చిన బ్యాటరీకి కూడా సీసం విలువ ఉంది. కొత్తది కొన్నప్పుడు అంగడికే ఇచ్చి ధర తగ్గించుకోండి. 2022లో వచ్చిన కేంద్రం నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలు వెనక్కి వచ్చేటట్టు చూసే బాధ్యత తయారు చేసే కంపెనీలదే. వీధిలో పగలగొట్టి సీసం కరిగించేవాళ్లకు వంద ఎక్కువ ఇస్తారని ఇయ్యవద్దు. ఆ యాసిడ్డు మన కాలువలోనే పోస్తారు, ఆ పొగ మన పిల్లోళ్లే పీలుస్తారు. సీసం పిల్లోళ్ల మెదడును దెబ్బ తీస్తుంది. రక్తంలో ఇంత ఉన్నా పర్వాలేదు అనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. బ్యాటరీ ముట్టిన చేతులు సబ్బుతో కడుక్కున్నాకే బిడ్డను ఎత్తుకోండి.

ఈ నెల చేయాల్సింది మూడే పనులు. మీటరు కొనండి, నలుగురు కలిసి ఒకటి కొన్నా చాలు. వచ్చే ఆదివారం నాలుగు బ్యాటరీలూ విడివిడిగా చూసి పుస్తకంలో రాయండి. ఉగాది లోపల చార్జరు పై హద్దు ఎంత ఉందో చూసి, 57 దాటి ఉంటే 56.5కు తెప్పించుకోండి. అంకెలు అర్థం కాకపోతే పుస్తకం తీసుకుని ఏ ఆదివారమైనా మాపటేల మా ఇంటికి రండి, కూర్చుని చూద్దాం.

వచ్చే నెల బ్రేకుల గురించి రాస్తా.